చెమట చరిత్ర – 11: సీసా మీద పేరు ఎవరిదో, బాధ్యతా వాళ్ళదే



పోయిన నెల క్లాసు అయిపోయాక ఒక బీఏ విద్యార్థి నా వెనకే స్టాఫ్‌రూమ్ దాకా వచ్చాడు. వాళ్ళమ్మ మున్సిపాలిటీలో రోడ్లు ఊడుస్తుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. కొన్ని నెలలుగా జీతంలో పీఎఫ్ కోస్తున్నారు కానీ ఖాతాలో పడటం లేదు. "మేడమ్, ఆఫీసుకు పోతే ఏజెన్సీని అడగమంటున్నారు. ఏజెన్సీ వాడేమో ఆఫీసు నుంచి బిల్లు రాలేదంటున్నాడు. మీరు క్లాసులో యూనియన్ యూనియన్ అంటుంటారు కదా. మేం యూనియన్ పెడితే ఎవరి మీద పెట్టాలి? ఎదురుగా ఎవరూ లేరు కదా?" అన్నాడు.

ఆ ప్రశ్న మా ఇంట్లో చిన్నప్పుడే విన్నాను. నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్న ఎండాకాలం సీజన్లో ఒక కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి పోయేవాడు. ఖాళీ సీసాల కేసులు లారీ నుంచి దించాలి, నిండిన కేసులు ఎత్తాలి. ఒకరోజు గ్యాసు నిండిన సీసా చేతిలోనే పగిలింది. బొటనవేలి మొదట్లో గాజుముక్క దిగి ఆరు కుట్లు పడ్డాయి. ఆఫీసులో అడిగితే "నువ్వు మా మనిషివి కాదు, మేస్త్రీని అడుగు" అన్నారు. మేస్త్రీ వంద రూపాయలు చేతిలో పెట్టి "చెయ్యి బాగయ్యాక రా" అన్నాడు. చెయ్యి బాగయ్యేసరికి సీజన్ అయిపోయింది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

"మా మనిషివి కాదు." ఈ మాట మనకు కొత్తది కాదు. ఊరి హోటల్లో మనకు గ్లాసు విడిగా పెట్టినవాళ్ళు కూడా మాటలో చెప్పకుండా ఇదే చెప్పారు. మా నాన్న ఎత్తిన సీసాలు అన్ని కులాల నోళ్ళకూ చేరాయి. అక్కడ ఎవరికీ అభ్యంతరం రాలేదు. ఆ చేతికి కుట్లు పడ్డప్పుడు మాత్రం ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియలేదు.

ఆ విద్యార్థికి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. అది మన దేశం నుంచి కాదు, మధ్య అమెరికాలోని గ్వాటెమాలా నుంచి వస్తుంది. అక్కడ ఒక కోకాకోలా బాట్లింగ్ ప్లాంటులో 1975 నుంచి 1985 దాకా జరిగిన పోరాటం కథ ఇది. "మీరు మా మనుషులు కాదు" అన్న మాటకు అక్కడి కార్మికులు పదేళ్ళు జవాబు చెప్పారు.

* * *

ముందు ఆ దేశం గురించి నాలుగు మాటలు. గ్వాటెమాలాలో 1944 నుంచి 1954 దాకా పదేళ్ళు ప్రజాస్వామ్యం నడిచింది. 1947లో కార్మిక చట్టం వచ్చింది. 1952లో హకోబో ఆర్బెంజ్ ప్రభుత్వం భూసంస్కరణ తెచ్చి, పెద్ద కమతాల్లో సాగు చేయని భూమిని పేదలకు పంచడం మొదలుపెట్టింది. అమెరికన్ అరటి కంపెనీ యునైటెడ్ ఫ్రూట్ భూములు కూడా అందులో పోయాయి. 1954లో సీఐఏ నడిపిన కుట్రతో ఆర్బెంజ్ ప్రభుత్వం కూలింది. పంచిన భూములు వెనక్కి లాక్కున్నారు. యూనియన్లను రద్దు చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు సైన్యానిదే రాజ్యం. ఆ కాలంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారని, మాయమయ్యారని, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా ఆదివాసులేనని 1999లో ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసిన సత్యశోధన కమిషన్ తేల్చింది. ఆ రాజ్యం ఎవరిని మనుషులుగా లెక్కించలేదో ఈ అంకె చెప్తుంది.

అలాంటి దేశ రాజధానిలో కోకాకోలా నింపే ప్లాంటు ఒకటి ఉండేది. పేరు ఎంబోటెయాదోరా గ్వాతెమాల్తేకా, పొట్టిగా ఎగ్సా. అది కోకాకోలా కంపెనీ సొంత ఫ్యాక్టరీ కాదు, ఫ్రాంచైజీ. అట్లాంటాలోని కంపెనీ పేరు వాడుకునే హక్కును, మూల ద్రావకాన్ని అమ్ముతుంది. నీళ్ళు కలిపేది, గ్యాసు పట్టించేది, సీసాల్లో నింపేది, లారీల్లో పంచేది స్థానిక కంపెనీ. ఆ ప్లాంటును నడిపినవాడు అమెరికాలోని హ్యూస్టన్‌కు చెందిన జాన్ ట్రాటర్ అనే లాయరు. అంటే కార్మికుడికి జీతమిచ్చేది ఒకరు, వాడు నింపే సీసా మీద పేరు ఇంకొకరిది.

1975లో అక్కడి కార్మికులు యూనియన్ కట్టడం మొదలుపెట్టారు. ప్లాంటు లోపల పనిచేసేవాళ్ళు, లారీల మీద తిరిగి సరుకు అమ్మేవాళ్ళు కలిసే కట్టారు. 1976 ఫిబ్రవరి 4న భారీ భూకంపం వచ్చి దేశంలో ఇరవై మూడు వేల మంది దాకా చనిపోయారు. ఇంకా శిథిలాలు తియ్యనేలేదు, మార్చిలో ట్రాటర్ నూట యాభై మందికి పైగా కార్మికులను ఒకేసారి తీసేశాడు. వాళ్ళు ఇళ్ళకు పోలేదు, ప్లాంటు దగ్గరే కూర్చున్నారు. పోలీసులు వచ్చి తలలు పగలగొట్టారు, కొందరిని జైల్లో వేశారు.

దాంతో ట్రాటర్ లెక్క తప్పింది. దెబ్బలు తిన్నవాళ్ళకు మద్దతుగా నగరంలోని వేరే యూనియన్లు ముందుకొచ్చాయి. మార్చి 31న అవన్నీ కలిసి జాతీయ కార్మిక ఐక్యత కమిటీని ఏర్పాటు చేశాయి. స్పానిష్‌లో దాని పొట్టి పేరు క్నూస్. తీసేసినవాళ్ళను మళ్ళీ తీసుకోకపోతే సార్వత్రిక సమ్మె చేస్తామన్నాయి. ఏప్రిల్‌లో అందరినీ వెనక్కి తీసుకోక తప్పలేదు. ఒక్క కూల్‌డ్రింక్ ప్లాంటు గొడవలోంచి దేశమంతటికీ ఒక ఐక్య వేదిక పుట్టింది. 1977 నవంబర్‌లో ఇష్టావాకాన్ గని కార్మికులు, ఎక్కువ మంది మామ్ తెగ మాయా ఆదివాసులు, కొండల నుంచి రాజధానికి మూడు వందల కిలోమీటర్లకు మించి నడిచి వచ్చినప్పుడు వాళ్ళకు అండగా నిలిచిందీ ఈ వేదికే.

ట్రాటర్ రెండో ఎత్తు వేశాడు. కంపెనీని కాగితాల మీద అనేక చిన్న కంపెనీలుగా ముక్కలు చేశాడు. గేటు అదే, యంత్రాలు అవే, లారీలు అవే. కానీ ఒక్కో విభాగానికి ఒక్కో యజమాని ఉన్నట్టు చూపించాడు. యూనియన్ ఎవరితో మాట్లాడాలో తెలియకుండా చెయ్యడమే దాని ఉద్దేశం. మన మున్సిపాలిటీల్లో ఏజెన్సీ పేరు ఎప్పుడెప్పుడు మారుతుందో, సీనియారిటీ, బకాయిలు అప్పుడెలా మాయమవుతాయో చూసినవాళ్ళకు ఈ ఎత్తు విడమర్చి చెప్పక్కర్లేదు.

* * *

కాగితాలతో పని జరగనప్పుడు తుపాకులు వచ్చాయి. సైనిక, పోలీసు నేపథ్యమున్నవాళ్ళు ప్లాంటులో అధికారులుగా చేరారు. కార్మికుల తరఫున వాదిస్తున్న దంపతులు మార్తా తోరెస్, ఎన్రికె తోరెస్ ప్రయాణిస్తున్న కారును 1977లో గుద్దించారు. వాళ్ళు గాయాలతో బతికారు. అదే ఏడాది జూన్ 8న కార్మిక లాయరు, ప్రొఫెసర్ మారియో లోపెజ్ లారావేను కాల్చి చంపారు.

1978 డిసెంబర్ 12న యూనియన్ కట్టినవాళ్ళలో ముఖ్యుడైన పెడ్రో కెవెడోను సరుకు పంచే లారీలోనే కాల్చేశారు. ప్రధాన కార్యదర్శి ఇస్రాయెల్ మార్కెజ్ మీద హత్యాయత్నాలు జరిగాయి. ఆయన 1979 జనవరిలో వెనిజులా రాయబార కార్యాలయంలో తలదాచుకుని దేశం దాటాడు. ఆ కుర్చీలో మాన్యుయెల్ లోపెజ్ బాలాం కూర్చున్నాడు. 1979 ఏప్రిల్ 5న లారీ రూటులో ఉండగా ఆయన గొంతు కోశారు. 1980 మేలో మరో ప్రధాన కార్యదర్శి మార్లన్ మెందిసాబల్‌ను బస్‌స్టాప్ దగ్గర కాల్చి చంపారు. 1980 జూన్ 21న ఒక కార్మిక సమాఖ్య ఆఫీసులో సమావేశమైన 27 మందిని సాయుధులు ఎత్తుకుపోయారు. కోకాకోలా కార్మికులు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆ ఆఫీసు జాతీయ భవనానికి కొద్ది వీధుల దూరంలోనే ఉంది. ఆ 27 మంది మళ్ళీ కనిపించలేదు.

ఈ పేర్లు చదువుతుంటే నాకొక సంగతి తోచింది. కెవెడో, లోపెజ్ బాలాం ఇద్దరూ రూటులో ఉండగానే చనిపోయారు. మెందిసాబల్ బస్సు కోసం నిలబడి ఉండగా చనిపోయాడు. ప్లాంటు లోపల వందల మంది మధ్య ఉన్నప్పుడు వాళ్ళను ముట్టుకోలేకపోయారు. గుంపు నుంచి విడిపడిన చోట చంపారు. యూనియన్ కేవలం జీతాల బేరం కాదని, పక్కన మనిషి ఉండటమేనని ఆ కార్మికులకు పుస్తకాలు చదివి తెలిసింది కాదు.

ఒక నాయకుడు పోతే ఇంకొకడు ఎలా నిలబడ్డాడు? వాళ్ళేమీ భయం లేని మనుషులు కాదు. రాజీనామా చేసినవాళ్ళున్నారు, ఊరు వదిలినవాళ్ళున్నారు. కానీ యూనియన్ ఒక్క మనిషి గొంతు మీద ఆధారపడి లేదు. విభాగం విభాగానికీ మాట్లాడగలిగినవాళ్ళు, ఒప్పందం కాగితం చదివి అర్థం చెప్పగలిగినవాళ్ళు తయారై ఉన్నారు. మన సంఘాల్లో ఒక్క నాయకుడి ఫోన్ స్విచాఫ్ అయితే మొత్తం ఉద్యమం స్విచాఫ్ అయ్యే పరిస్థితిని నేను చూశాను. అందుకే ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

* * *

ఇదంతా జరుగుతుంటే అట్లాంటాలోని పెద్ద కంపెనీ ఏమంది? అది స్వతంత్ర ఫ్రాంచైజీ, దాని కార్మిక వ్యవహారాల్లో మేం తలదూర్చలేం, కాంట్రాక్టు గడువు 1981 దాకా ఉంది. సారాంశం ఇదే. మా నాన్నకు ఆఫీసులో వచ్చిన జవాబుకూ దీనికీ భాషలోనే తేడా.

కార్మికులు దీన్ని ఒప్పుకోలేదు. కంపెనీ మాట ప్రకారమే వాళ్ళు ఆలోచించారు. ఆ కంపెనీ అమ్మేది పేరునే అయితే, దానికి నొప్పి తెలిసే చోటు కూడా పేరే. కాబట్టి పేరు ఎక్కడెక్కడ ఉందో అక్కడికి పోవాలి.

మొదట షేర్‌హోల్డర్ల సమావేశానికి పోయారు. సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘం దగ్గర కొద్దిపాటి కోకాకోలా షేర్లు ఉండేవి. ఓటు బలం దాదాపు సున్నా. కానీ షేరు ఉంటే సమావేశంలో తీర్మానం పెట్టే హక్కుంటుంది. 1979 మేలో డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో జరిగిన వార్షిక సమావేశంలో, ప్రవాసంలో ఉన్న ఇస్రాయెల్ మార్కెజ్ లేచి నిలబడి చనిపోయినవాళ్ళ గురించి చెప్పాడు. లోపెజ్ బాలాం చనిపోయి అప్పటికి నెల రోజులే. తీర్మానం ఓడిపోయింది. కానీ ఆ మాటలు పత్రికలకెక్కాయి.

రెండోది, తోటి కార్మికుల దగ్గరకు పోయారు. జెనీవా కేంద్రంగా పనిచేసే ఆహార కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య, ఐయూఎఫ్, ఈ విషయాన్ని తన సభ్య యూనియన్లన్నిటికీ పంపింది. అప్పుడు దాని ప్రధాన కార్యదర్శి డాన్ గాలిన్. 1980లో స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, మెక్సికో లాంటి దేశాల్లో కొన్నిచోట్ల బహిష్కరణ, కొన్నిచోట్ల ఉత్పత్తి నిలిపివేత జరిగాయి. అక్కడి బాట్లింగ్ కార్మికుడికీ గ్వాటెమాలా కార్మికుడికీ భాష కలవదు, జీతం కలవదు. ఇద్దరి చేతుల్లో ఉన్న సీసా మాత్రం ఒకటే.

అదే రోజుల్లో మన ఊళ్ళల్లో ఆ సీసా లేదు. 1977లో విదేశీ మారక చట్టం షరతుల దగ్గర పేచీ వచ్చి కోకాకోలా భారతదేశం వదిలిపోయింది, మళ్ళీ 1993లో వచ్చింది. ఆ మధ్యకాలంలో మనకు థమ్సప్, ప్రభుత్వం తెచ్చిన డబుల్ సెవెన్. ఆ కంపెనీ ఇక్కడ తిరిగి తలుపు తీసేలోగా గ్వాటెమాలాలో ఒక పదేళ్ళ యుద్ధం జరిగి ముగిసింది.

అంతవరకూ "తలదూర్చలేం" అన్న కంపెనీ 1980లో తలదూర్చింది. ట్రాటర్ నుంచి ప్లాంటును కొత్త యజమానులు కొనేలా ఏర్పాటు చేసింది, యాజమాన్య నియంత్రణ బాధ్యత అయిదేళ్ళు తను తీసుకుంది. డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. చనిపోయిన కార్మికుల భార్యాపిల్లలకు సహాయ నిధి కూడా అందులో భాగం. బాధ్యత తీసుకోవడం చేతకాని పని కాదని, ఇష్టం లేని పని మాత్రమేనని అప్పుడు తేలింది.

* * *

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. 1984 ఫిబ్రవరి 17 రాత్రి కొత్త యజమానులు ప్లాంటు దివాలా తీసిందని, మూసేస్తున్నామని చెప్పారు. నాలుగు వందల అరవై మంది దాకా కార్మికులు. అమ్మకాలున్న ప్లాంటు దివాలా ఎలా తీస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. ఆ రాత్రే ప్లాంటును ఆక్రమించి కూర్చున్నారు.

సైనిక పాలకుడు మెహియా విక్టోరెస్ అధికారంలో ఉన్న రోజులవి. బయట అడుగు పెడితే ఏమవుతుందో వాళ్ళకు 1980లోనే తెలుసు. వంతులవారీగా కాపలా కాశారు. యంత్రాలు తుప్పు పట్టకుండా శుభ్రం చేస్తూ, నూనె వేస్తూ ఉన్నారు. ఈ వివరం నాకు చాలా ఇష్టం. జీతం ఇవ్వని యజమాని వదిలేసిపోయిన యంత్రాన్ని కార్మికుడు కాపాడుకున్నాడు, ఎందుకంటే మళ్ళీ దాని మీద పనిచేయాల్సింది తనే. వేరే యూనియన్లు, విద్యార్థులు తిండిగింజలు, డబ్బు తెచ్చిచ్చారు. భార్యలు, పిల్లలు గేటు దగ్గరకు వచ్చి పోయేవాళ్ళు.

ఐయూఎఫ్ మళ్ళీ బహిష్కరణ పిలుపునిచ్చింది. మేలో కోస్టారికాలో చర్చలు జరిగాయి. ప్లాంటుకు కొత్త కొనుగోలుదారుణ్ణి వెతకడానికి, యూనియన్‌నూ పాత సామూహిక ఒప్పందాన్నీ గుర్తించడానికి కోకాకోలా ఒప్పుకుంది. ఒప్పుకున్నా నెలలు గడిచాయి. కార్మికులు ప్లాంటు వదల్లేదు. చివరికి కొత్త యజమానితో 1985 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరి, మార్చిలో ప్లాంటు తెరుచుకుంది. ఆక్రమణ 376 రోజులు సాగింది.

గెలిచారా? గెలిచారు, పూర్తిగా కాదు. తెరిచిన రోజు 265 మందినే తీసుకున్నారు, మిగతావాళ్ళు ఖాళీల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ పదేళ్ళలో ఎనిమిది మంది కార్మికులు హత్యకు గురయ్యారు, నలుగురు మాయమయ్యారు. ఆ హత్యలకు పాల్పడినవాళ్ళు ఎవరూ కోర్టులో నిలబడలేదు. కానీ యూనియన్ బతికింది. ఆ రోజుల్లో గ్వాటెమాలాలో ఒక యూనియన్ బతికి ఉండటమే మామూలు విషయం కాదు.

* * *

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాను. ఎవరి మీద పెట్టాలి?

పేరు ఎవరిదో వాళ్ళ మీద. మీ అమ్మ ఊడ్చే రోడ్డు ఏజెన్సీది కాదు, మున్సిపాలిటీది. చెత్తబండి మీద ఎవరి పేరుందో చూడు. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఒక మాట ఉంది: కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే అసలు యజమాని, ఇచ్చి తీరాలి. పీఎఫ్ చందా విషయంలో కూడా అంతిమ బాధ్యత అసలు యజమానిదే. పాత చట్టాలను కలిపేసుకున్న కొత్త లేబర్ కోడ్‌లో కూడా జీతం గురించిన ఆ సూత్రం మిగిలే ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని గేటు దాకా తీసుకురావడమే యూనియన్ పని. 2015 జూలైలో రెండు రాష్ట్రాల్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఏజెన్సీలతో కాదు, ప్రభుత్వాలతోనే మాట్లాడించుకున్నారు. దారి మనకు తెలియనిది కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. యూనియన్ అనగానే మనవాళ్ళలో కొందరికి అనుమానం వస్తుంది. ఆ అనుమానానికి కారణముంది. బొంబాయి బట్టల మిల్లుల్లో దళితులకు నేత విభాగంలోకి ప్రవేశం లేదు. అక్కడ తెగిన దారాన్ని నోటితో తడిపి కలపాలి, మన నోరు తగిలిన దారాన్ని మిగతా కార్మికులు ముట్టుకోరు. జీతం ఎక్కువ వచ్చేది ఆ విభాగంలోనే. ఆ సంగతి పట్టించుకోని యూనియన్లను అంబేద్కర్ నిలదీశారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో మాట్లాడుతూ, కార్మికులకు బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పారు. అదే ఏడాది నవంబర్‌లో కమ్యూనిస్టులతో కలిసి సమ్మెకు నాయకత్వం వహించారు. అంటే యూనియన్ వద్దనలేదు. మన మనిషి సంతకం పెట్టే స్థానంలో లేని యూనియన్ సరిపోదన్నారు.

కాబట్టి తమ్ముడూ, ముందు మీ అమ్మతో పాటు పనిచేసేవాళ్ళ జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్కులు ఒకచోట పెట్టండి. ఎన్ని నెలలు కోశారో, ఎన్ని నెలలు పడలేదో పట్టిక రాయండి. తెలుగులో రాయండి, అందరూ చదివేలా. అర్జీ మీద ఏజెన్సీ పేరుతో పాటు అసలు యజమాని పేరు రాయండి. ఇవ్వడానికి ఒక్కరు పోవద్దు, అందరూ పోండి. కనీసం అయిదుగురు ఆ పట్టికను చూడకుండా వివరించగలిగేలా తయారవండి. ఆ పట్టిక రాయడానికి ఆదివారం నేను వస్తాను.

ఈ భాగం రాసే ముందు మా నాన్నకు గ్వాటెమాలా కథ చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు: "సంవత్సరం పైన కూర్చున్నారా? మరి ఇంట్లో పిల్లలకు ఎవరు పెట్టారు?" వేరే యూనియన్లవాళ్ళు తెచ్చిచ్చారని చెప్పాను. కాసేపు వంగని ఆ బొటనవేలిని రుద్దుకుంటూ కూర్చున్నాడు. "మాకు అట్లా తెచ్చిచ్చేవాళ్ళు లేరమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఆ తెచ్చిచ్చేవాళ్ళం మనమే కావాలి.

వచ్చే భాగంలో 1938 నవంబర్ 7 బొంబాయి సమ్మె. అప్పటిదాకా, మీ ఊళ్ళో "మా మనిషివి కాదు" అన్న జవాబు ఎవరికి, ఎక్కడ వచ్చిందో కింద రాయండి. పేర్లు అక్కర్లేదు, పని ఏమిటో, అసలు యజమాని ఎవరో రాస్తే చాలు.

జై భీమ్.